నీళ్లు ఎప్పుడు వదులుతారో అవతలి ఒడ్డుకి కూడా చెప్పండి

మాచ్‌ఖండ్, సీలేరు ఏటి మీద ప్రాజెక్టు నివేదికలు తయారుచేసే ఇంజనీర్లకు,

నమస్కారం.

మంత్రులకి రాయొచ్చు, కలెక్టరుకి రాయొచ్చు. వాళ్లకి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ ఏటి మీద మీరు కొత్తగా పెడుతున్న ప్రాజెక్టు గురించి నేను మీకే రాస్తున్నాను. ఏటి మీద ఏం కట్టాలి, ఎన్ని యూనిట్లు (కరెంటు తీసే యంత్రాలు) పెట్టాలి, ఏ వేళకి ఎన్ని క్యూసెక్కులు తీయాలి అనే లెక్కలు ముందు మీ టేబుల్ మీదే పుడతాయి. పైన సంతకాలు పెట్టేవాళ్లలో ఆ లెక్కలు పూర్తిగా చదివేవాళ్లు ఎంతమందో మీకే బాగా తెలుసు. ఇంకో కారణం కూడా ఉంది. మా నాన్న మీలాంటి ఇంజనీర్ల కింద జీవితమంతా పనిచేశాడు. ఈ ఏటి మీదున్న ఒక పవర్ హౌస్‌లో హెల్పరుగా చేరి, ఆపరేటరై, మైదానానికి బదిలీ అయి రిటైరయ్యాడు. నేను క్యాంపు క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ క్యాంపు పేరు రాయను. ఇప్పుడు ఎవరినీ నిలదీయాలని కాదు ఈ ఉత్తరం.

మీలో కొత్తవాళ్లు ఈ ఏటిని మ్యాపులోనే చూసి ఉంటారు. పాడేరు వైపు కొండల్లో మాచ్‌ఖండ్‌ని మత్స్యగెడ్డ అంటారు. హుకుంపేట మండలం మఠం దగ్గర మత్స్యగుండం ఉంది. అక్కడ బండల మధ్య మడుగులో చేపల్ని ఎవరూ పట్టరు, దేవుడి చేపలని మరమరాలు వేస్తారు, శివరాత్రికి జాతర చేస్తారు. ముంచింగిపుట్టు, పెదబయలు దాటేసరికి అదే ఏరు జోలాపుట్టు జలాశయంలో కలిసి కనిపించకుండా పోతుంది. అక్కణ్ణించి డుడుమ దగ్గర దూకి, ఒనకఢిల్లీ పవర్ హౌస్‌లో తిరిగి, కిందికి బలిమెల చేరుతుంది. బలిమెలలో ఒడిశా వాటా పోగా మిగిలింది సీలేరు పేరుతో గుంటవాడ, డొంకరాయి, మోతుగూడెం మీదుగా దిగి, శబరిలో పడుతుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒకే నీళ్లని ఇన్నిచోట్ల తిప్పి కరెంటు తీస్తారు. మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు, ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, పొల్లూరులో దిగువ సీలేరు 460. ఈ అంకెలు మా నాన్న నోట పద్యంలా వచ్చేవి. నాకూ అలాగే పట్టుబడ్డాయి.

ఈ పద్యంలో ఒడ్డున ఉన్న ఊళ్ల పేర్లు ఉండవు. ఇవతల కోందులు, బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కొండకమ్మర్లు, పోర్జలు, గదబలు, కిందికి పోతే కొండరెడ్లు, కోయలు. అవతల ఒడిశా వైపు బోండాలు, దిదాయీలు. దిదాయీల భాషని భాషాశాస్త్రజ్ఞులు గ్‌తా అంటారు. అందులో కొండ మీద మాట్లాడే రకం వేరు, ఏటి ఒడ్డున మాట్లాడే రకం వేరు అని విడగొట్టి చెబుతారు. ఏటి ఒడ్డు కోసం ఒక మాటతీరే ఏర్పడిందంటే ఆ ఒడ్డున ఎన్ని తరాలు బతికి ఉంటారో ఊహించండి. మనకి ఈ ఏరు రెండు రాష్ట్రాల మధ్య గీత. వాళ్లకి అది వీధి. పిల్లనిచ్చింది అవతల, సంత ఇవతల, మేనమామ అవతల, ఆసుపత్రి ఇవతల. దాటకపోతే రోజు గడవదు.

మేం దాటేవాళ్లని చూస్తూ పెరిగాం. పవర్ హౌస్ నుంచి నీళ్లు బయటికొచ్చే టెయిల్ రేస్‌కి కొంచెం దిగువన ఏరు వెడల్పయ్యేది. యూనిట్లు తిరగని వేళ బండల మీదుగా మోకాలి లోతులో నడిచిపోవచ్చు. సంత రోజున అవతలి నుంచి వరసగా వచ్చేవాళ్లు. అడ్డాకుల కట్టలు, పసుపు, పిప్పళ్లు, కందులు, చింతపండు, వేసవైతే పనసపళ్లు. ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని, చుట్ట అడ్డపొగ పీలుస్తూ, నిప్పు నోట్లో ఉందన్న ధ్యాసే లేనట్టు మాట్లాడుకుంటూ నడిచేవాళ్లు. వాళ్లలో ఒక ముసలాయన ఉండేవాడు. క్యాంపు పిల్లలం కర్ర తాత అనేవాళ్లం.

ఆయన దాటే తీరు చెబుతాను, మీకు పనికొస్తుంది. ఒడ్డుకి రాగానే నీళ్లలోకి దిగడు. చేతికర్రని నీటి అంచున, పొడి ఇసుకలో, సరిగ్గా తడికి జానెడు ఇవతల గుచ్చుతాడు. బండ మీద కూర్చుని చుట్ట వెలిగిస్తాడు. చుట్ట సగం అయ్యేదాకా కర్ర మొదలు చూస్తూ ఉంటాడు. తడి కర్రని అందుకుందా, ఇంక ఆ పూటకి దాటడు. తట్ట దించుకుని చెట్టు కింద పడుకుంటాడు. తడి అలాగే ఉంటే లేచి, కర్ర పీకి, దాంతోనే బండలు తడుముకుంటూ దిగుతాడు. వెనకున్నవాళ్లంతా ఆయన దిగాకే దిగుతారు. ఓసారి నేను "తాతా, ఏం చూస్తున్నావు" అని అడిగితే, "ఏరు ఊపిరి పీలుస్తుందో వదుల్తుందో చూడాల బాబూ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఏరు ఊపిరి పీల్చడమేంటి, మా నాన్న వాల్వు తిప్పితే వస్తుంది కదా అనుకున్నాను. తొమ్మిదేళ్ల గర్వం!

ఆయన కర్ర వానాకాలం ఏటికి సరిపోయిన కర్ర. పైన కొండల్లో వాన పడితే ఏరు చెప్పే పెరుగుతుంది. ముందు రంగు మారుతుంది, ఎండుటాకులు కొట్టుకొస్తాయి, చప్పుడు మారుతుంది, తర్వాత నీళ్లు. పవర్ హౌస్ నీళ్లు అలా చెప్పిరావు. మీకు తెలియనిది కాదు. బొగ్గు ప్లాంటుని చల్లబడ్డాక మళ్లీ వేడెక్కించి లైన్లోకి తేవాలంటే గంటలు పడుతుంది. జల విద్యుత్తు నిమిషాల్లో వస్తుంది. అందుకే సాయంత్రం ఊళ్లల్లో లైట్లు, ఫ్యాన్లు, మోటార్లు ఒక్కసారే వేసినప్పుడు ఏ ప్లాంటు ఎప్పుడు నడపాలో చెప్పే లోడ్ డెస్పాచ్ వాళ్లు ఫోన్ చేసేది ఇలాంటి చోటికే. ఎక్కడో ఉన్న ఊరివాళ్లు స్విచ్ వేస్తే ఇక్కడ ఏరు పెరుగుతుంది. ఆకాశంలో మబ్బుండదు, నీళ్లు తేటగానే ఉంటాయి, మోకాలి లోతు నడుం లోతవుతుంది.

ఒక సంత రోజు మధ్యాహ్నం అదే జరిగింది. తాత కర్ర గుచ్చాడు, చుట్ట సగమైంది, తడి కదల్లేదు, దిగాడు. ఆయన వెనక ఇద్దరాడవాళ్లు, ఒక మేక. సగం దూరం పోయాక నీళ్లొచ్చాయి. మేం ఇవతలి గట్టు మీద నేరేడుపళ్లు ఏరుకుంటున్నాం. అలలా రాలేదు. మీరు సినిమాల్లో చూసినట్టు గోడలా కూడా రాలేదు. వాళ్లు నిలబడ్డ బండ చిన్నదవుతూ వచ్చింది, అంతే. ఆడవాళ్లు తట్టలు వదిలేసి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. తాత కర్రని అడ్డంగా పట్టి వాళ్లకి అందించాడు. ముగ్గురూ ఎలాగో పైబండకి చేరారు. అడ్డాకుల కట్టలు విడిపోయి నీళ్ల మీద వరసగా తేలుతూ మా ముందునుంచే పోయాయి. మేక చాలాసేపు తల పైకెత్తే ఉంచింది. వాళ్లు ఆ బండ మీద చీకటిపడేదాకా కూర్చున్నారు. మళ్లీ ఫోన్ వచ్చి యూనిట్ ఆపాక ఒడ్డెక్కారు.

ఆ రోజు షిఫ్టులో ఉన్నది మా నాన్నే. యూనిట్ స్టార్ట్ చేసిన టైం లాగ్ షీట్‌లో ఆయన చేతిరాతతోనే ఉంది. ఇంటికొచ్చి అమ్మతో ఒక్క మాటే అన్నాడు: "టైం నాకు తెలుసు. గట్టు మీద మా పిల్లాడికి కూడా తెలుసు. వాళ్లకే తెలీదు."

తర్వాత ఆయన పెద్దాఫీసర్ని అడిగాడట. షిఫ్టు మారినప్పుడు కొట్టే రైలు పట్టా ముక్క ఉంది కదా, యూనిట్ వేసేముందు దాన్ని ఏటి గట్టు మీద ఇంకోసారి కొట్టిద్దామని. రూల్స్‌లో లేదన్నారు. కొడితే రేపు ఎవడైనా పోయినప్పుడు గంట వినపడలేదని మన మీదికొస్తారు అని కూడా అన్నారట. ఆ వాదన నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, కానీ అలాంటి మాట తర్వాత చాలా ఆఫీసుల్లో విన్నాను. నాన్న రూలు లేని పని ఒకటి చేశాడు. క్యాంటీన్ కుర్రాడికి ఎర్ర తువ్వాలు ఇచ్చి, ఫోన్ రాగానే టెయిల్ రేస్ వంపులో ఉన్న మద్ది చెట్టుకి కట్టమన్నాడు. యూనిట్ ఆగితే విప్పమన్నాడు. రెండు సంతలు గడిచేసరికి అవతలి ఊళ్లన్నిటికీ తెలిసిపోయింది. కర్ర తాత కర్ర గుచ్చడం మానలేదు గానీ, ముందు చెట్టు వైపు చూసేవాడు. నాన్న బదిలీ అయ్యేదాకా ఆ తువ్వాలు నడిచింది. మూడుసార్లు మార్చాం, ఎండకి వెలిసిపోయేది. బదిలీ తర్వాత ఏమైందో తెలీదు.

ఇదంతా పాత కథ కదా, ఇప్పుడెందుకంటారా? గుంటవాడ, డొంకరాయి జలాశయాల మధ్య మీరు పెడుతున్న 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ గురించి. తొమ్మిది యూనిట్లు, ఒక్కోటి 150. పగలు ఎండ కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లని పైకి తోడి, సాయంత్రం కరెంటు చాలనప్పుడు అవే నీళ్లని కిందికి వదలడం. ఆలోచన చెడ్డదని నేను అనను. సోలార్ పెరిగేకొద్దీ రాత్రికి దాచుకునే దారి కావాలి, బొగ్గు తగ్గాలి. కొత్త జలాశయాలు కట్టట్లేదు, ఉన్నవాటినే వాడుతున్నాం అని మీరు చెప్పేది కూడా విన్నాను. సరే. కొత్త ముంపు లేకపోతే కొత్త నిర్వాసితులు లేరు. కానీ ఏరు మారదా? ఇప్పటిదాకా నీటిమట్టం కాలాన్ని బట్టి, అవసరాన్ని బట్టి కదిలేది. ఇకమీదట రోజూ కదులుతుంది. పగలు ఒక చెరువు దిగుతుంది, ఇంకోటి పెరుగుతుంది. రాత్రి అటుది ఇటు. తొమ్మిది యూనిట్లూ పూర్తిగా నడిచిన రోజు ఒడ్డు ఎంత దూరం వెనక్కి జరుగుతుంది? ఎన్ని అడుగులు, ఎన్ని గంటల్లో? పడవ కట్టిన చోటు సాయంత్రానికి బురదలో ఉంటుందా, నీళ్ల నడుమ ఉంటుందా? పశువులు తాగడానికి దిగే రేవు ఏమవుతుంది? ఈ ప్రశ్నలకి జవాబు మీ దగ్గర లేదని నేను అనుకోను. మట్టం ఎంత కదులుతుందో లెక్క కట్టకుండా పంపు పెట్టరు కదా. ఆ లెక్క మీ దగ్గర ఉంది. పడవవాడి దగ్గర లేదు.

పెదబయలు వైపు జోలాపుట్టు ఒడ్డున ఇప్పటికీ నాటు పడవల మీదే బతుకు. బడికి టీచరు పడవలో వస్తాడు, రేషన్ పడవలో వస్తుంది, పురిటి నొప్పులొస్తే డోలీలో రేవుదాకా మోసి అక్కణ్ణించి పడవే. పడవ తిరగబడిందన్న వార్త పేపర్లో లోపలి పేజీలో వస్తుంటుంది. మాచ్‌ఖండ్ కట్టినప్పుడు సుమారు 2,900 కుటుంబాలు ఊళ్లు వదిలితే, వాళ్లలో సుమారు 600 కుటుంబాలకే పునరావాసం దక్కిందని పరిశోధకులు రాశారు. సగానికి పైగా ఆదివాసీలే. 1955 ఆగస్టు 19న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ వచ్చి దాన్ని ప్రారంభించారు. బలిమెల వల్ల అవతల ఒడిశాలో 151 ఊళ్లు మూడువైపులా నీళ్లతో తెగిపోయాయి. ఆ ఊళ్లకి గురుప్రియ వంతెన 2018 జూలైలో వచ్చింది. ఎన్ని దశాబ్దాలు పట్టిందో లెక్కేసుకోండి. ఈ పాత బాకీ మీరు తీర్చలేరు, మీ చేతిలో లేదు. కానీ కొత్త నివేదికలో ఒక్క పేజీ వేయడం మీ చేతిలో ఉంది.

గోదావరి డెల్టా రైతుని చూడండి. రబీలో గోదావరి సన్నబడినప్పుడు కోనసీమ నుంచి ఏలూరు దాకా వరిని నిలబెట్టేది ఈ సీలేరు నీళ్లే. ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారు, ఫలానా రోజుకి ధవళేశ్వరం చేరతాయి అని పేపర్లో వస్తుంది. కాలువకి వంతులు పెడితే ఏ వంతు ఎప్పుడో రైతుకి తెలుసు. తేడా వస్తే రోడ్డెక్కుతాడు, ఎమ్మెల్యే పరిగెత్తుకొస్తాడు. మా అత్తవారిది అటువైపే, ఆ నీళ్ల అన్నమే నేనూ తింటున్నాను. నీళ్లు వెళ్లేచోట అందరికీ టైం తెలుసు. నీళ్లు బయల్దేరేచోట, ఆ నీళ్లలో కాళ్లు పెట్టేవాళ్లకి మాత్రం తెలియదు.

చెప్పకుండా నీళ్లు వదిలితే ఏమవుతుందో తెలుగువాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో, బియాస్ నది బండల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది లార్జీ డ్యాం వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ వీడియో చూసిన తల్లిదండ్రులు ఎన్ని ఇళ్లల్లో నిద్రపోలేదో. నేనూ చూశాను. బండ చిన్నదవుతూ వచ్చింది. నాకు వెంటనే కర్ర తాత గుర్తొచ్చాడు. ఆ పిల్లలు మీరు చదివిన చదువే చదువుతున్నారు. వాళ్లు పోయాక దేశమంతా మాట్లాడింది. కొండల్లో ఒక్కొక్కరుగా పోయేవాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

2021 నాటి డ్యాం భద్రత చట్టం ప్రకారం అత్యవసర ప్రణాళిక ఉండాలి. వరదొస్తే, డ్యాంకి ప్రమాదమొస్తే ఎవరికి ఎలా చెప్పాలో అందులో రాయాలి. మంచిదే. కానీ సాయంత్రం ఆరింటికి మూడు యూనిట్లు వేయడం ఏ అత్యవసరంలోకీ రాదు. అది మామూలు పని. ఈ ఏటి ఒడ్డున భయం మామూలు పనితోనే.

కాబట్టి ఆ పేజీలో ఏముండాలో చెబుతాను. గుంటవాడ నుంచి డొంకరాయి దాకా, డొంకరాయి నుంచి శబరి దాకా మనుషులు ఏరు దాటే ప్రతి రేవూ, ప్రతి బండల దారీ నడిచి గుర్తించండి. డ్రోన్‌తో కాదు, సంత రోజున, సంతకి పోయేవాళ్ల వెనక. డొంకరాయి కింద పాత ఏటిపాయని మర్చిపోవద్దు. నీళ్లు కాలువలోకి పోవడంతో అది ఎండి ఉంటుంది, ఎండి ఉంటుంది కాబట్టే జనం ధైర్యంగా దిగుతారు. ప్రతి రేవు దగ్గరా రంగు గీతల రాయి పాతండి, నీళ్లు ఏ గీత దాటితే దిగకూడదో చదువు రానివాడికీ తెలిసేలా. సైరన్ పెడతారు, అది మీకు అలవాటే. కానీ సైరన్ ఒక ఒడ్డుకే వినపడితే చాలదు. మలుపు తిరిగాక కొండ చప్పుడుని మింగేస్తుంది, అది కూడా నడిచే చూడాలి. ఫోన్‌కి మెసేజ్ పంపుతామంటే, ముందు అక్కడ నిలబడి మీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు లెక్కపెట్టండి.

సైరన్ తర్వాత మైకులో చెప్పే మాట ఏ భాషలో? ప్రజాభిప్రాయ సేకరణకి ప్రాజెక్టు నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని నిబంధన. తెలుగులో ఇస్తారు, నిబంధన తీరిపోతుంది. ఈ లోయలో తెలుగు సంతలో బేరానికి వాడే భాష. ఇళ్లల్లో కోందుల కువి, కోయ, ఆదివాసీ ఒడియా. అవతలి గట్టు ఇంకో రాష్ట్రం కనుక మీ నోటీసు అక్కడికి అసలు చేరదు. మల్కనగిరి జిల్లా వాళ్లకి ఉత్తరం రాసి, వాళ్లు జవాబిచ్చేలోపు ప్రాజెక్టే పూర్తవుతుంది. అందుకే చెట్టుకి కట్టే తువ్వాలు లాంటిదే నయం. దానికి భాష అక్కర్లేదు, సరిహద్దు అక్కర్లేదు. ఎత్తుగా ఒక స్తంభం, దాని మీద ఎర్ర దీపం, యూనిట్ బటన్‌తోనే దాన్ని కలపండి. దీపం వెలిగి పావుగంట అయ్యాకే యూనిట్ తిరగాలి. ఆ పావుగంట కరెంటుకి ఎంత ఖర్చవుతుందో లెక్కేసి చూపించండి, ఎక్కువైతే బహిరంగంగానే మాట్లాడుకుందాం.

ఇది రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కిందికొచ్చే ఆదివాసీ ప్రాంతం. 1996 పెసా చట్టం గ్రామసభని అడగమంటుంది. సంతకాల కోసం, తీర్మానం కోసం అడగడం అందరూ చేసేదే. నీళ్లు ఏ వేళ పెరిగితే మీకు ఇబ్బంది తక్కువ అని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? సంత రోజు మధ్యాహ్నం వద్దు అని ఒక ఊరు చెబితే, ఆ ఒక్క పూట షెడ్యూలు మార్చడం సాఫ్ట్‌వేర్‌లో ఎంతసేపు పని?

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన పాత పెట్టెలో సర్వీసు కాగితాల కింద ఒక ఎర్ర తువ్వాలు దొరికింది, కట్టకుండా మిగిలిపోయిన కొత్తది. దాన్ని మీకు పంపుదామనుకున్నాను గానీ నాటకంలా ఉంటుందని మానేశాను. మీరు ఆ పేజీ రాస్తే మాత్రం నాకో కాపీ పంపండి. తెలుగులోదైనా పర్లేదు. ఆదివాసీ ఒడియా నాకు సంతకి సరిపడా వచ్చు. సంత రోజున అవతలి ఒడ్డుకి వెళ్లి చదివి వినిపిస్తాను. ఎర్ర దీపం పెట్టకపోతే వెళ్లేముందు కర్ర గుచ్చి చూసుకుంటాను.

ఇట్లు,
క్యాంపు క్వార్టర్లలో పెరిగిన ఒక ఆపరేటర్ కొడుకు